తలుపుకి అవతల నాలుగు పేజీలు

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆయన పని. అది పగటి పని. నెలకు రెండు శనివారాలు, సాయంత్రం పూట, ఆయన ఒక తలుపు కొట్టేవాడు. ఇరవై మూడేళ్లు కొట్టాడు. ఎవరూ తీయలేదు.

అలాగని ఆయన్ని అమాయకుడనుకోకూడదు. తీయరని ఆయనకు తెలుసు. తెరుచుకోకుండా ఆ తలుపుకి నాలుగు మేకులు కొట్టి ఉండేవి. మేకులు కొట్టిన వడ్రంగి ఆ పక్కనే స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటూ ఉండేవాడు. అయినా ఆయన ప్రతిసారీ మొహానికి రంగు వేసుకుని, కోటు తొడుక్కుని, బూట్లకు కాస్త మట్టి పూసుకుని, చెప్పాల్సిన నాలుగు పేజీలూ ఒకసారి మనసులో తిప్పుకుని, అప్పుడు కొట్టేవాడు.

నాటక సమాజంలో అందరూ ఆయన్ని తలుపు బాబాయి అనేవాళ్లు.

ఆ నాటకంలో ఒక ఇల్లాలు ఉంటుంది. భర్త గొడుగు బాగు చేయించుకొస్తానని వెళ్లి పదకొండేళ్లయినా తిరిగి రాడు. బతికే ఉన్నాడని అత్తగారు, లేడని మరిది రెండు గంటల సేపు వాదించుకుంటారు. ఇల్లాలు ఎటూ చెప్పదు. చివర్లో తలుపు చప్పుడవుతుంది. ఆమె తీస్తుంది. భర్త స్నేహితుడు లోపలికి వస్తాడు. నాలుగు పేజీల మాటలు చెబుతాడు. భర్త బతికే ఉన్నాడు. వేరే ఊళ్లో నీళ్ల పంపులు బాగు చేస్తున్నాడు. ఆ రోజు గొడుగు ఏ కొట్లో ఇచ్చాడో మర్చిపోయాడు. ఉన్న ఒక్క గొడుగూ పోగొట్టుకుని ఏ మొహం పెట్టుకుని వెళ్లనని ఒక పూట ఆగాడు. పూట కాస్తా రోజైంది, రోజు కాస్తా ఏడాదైంది. ఆ తర్వాత వెళ్లడానికి గొడుగు ఒక్కటే సరిపోదనిపించింది.

రచయిత రాసింది ఇదీ. స్నేహితుడి వేషం బాబాయిది. నాటకం మొత్తంలో అంత పొడుగు మాటలు ఇంకెవరికీ లేవు. అద్దాలు అరగదీస్తూ రెండు నెలలు బట్టీ పట్టాడు. పక్క గదిలో బియ్యం ఏరుకుంటూ విన్న భార్యకు కూడా వచ్చేశాయి.

మొదటి ప్రదర్శన రోజు మధ్యాహ్నం రచయిత భార్య స్టేజీ చూడ్డానికొచ్చింది. "ఇదేం తలుపండీ, స్నానాలగది తలుపులా ఉంది," అంది. వడ్రంగికి పౌరుషం వచ్చింది. మూడు గంటలకు ఆకుపచ్చ రంగు వేసి, ఆరాక చూద్దామని తలుపు మూసి వెళ్లాడు. రంగు ఆరింది. తలుపు గుమ్మానికి అతుక్కుని ఆరింది.

సాయంత్రం బాబాయి మూడుసార్లు కొట్టాడు. లోపల హీరోయిన్ పిడి పట్టుకుని లాగింది. రాలేదు. వినబడలేదేమోనని ఈయన ఇంకో మూడుసార్లు గట్టిగా కొట్టాడు. ఆమె రెండు చేతులతో లాగింది. పిడి ఊడి చేతిలోకి వచ్చింది. బయట ఈయనకు కళ్లు బైర్లు కమ్మి, నుదురు వెళ్లి తలుపుకి తగిలింది. అది ఏడో చప్పుడు. ఆమె చేతిలో పిడిని చూస్తూ అలాగే నిలబడిపోయింది. తెర లాగేవాడు ఎంతసేపని చూస్తాడు? అయిపోయిందేమోననుకుని తెర దించేశాడు.

హాలంతా చప్పట్లు. లేచి నిలబడి కొట్టారు.

మర్నాడు పేపర్లో అర పేజీ రాశారు. మన రంగస్థలం మీద ఇన్నాళ్లకు ఒక తలుపు తెరుచుకోకుండా ఉండగలిగింది అని రాశారు. అవతల ఉన్నది ఎవరు, భర్తా, మృత్యువా, మనమా అని అడిగారు. రచయిత ఆ అర పేజీని నాలుగుసార్లు చదివి, వడ్రంగిని పిలిపించి, మేకులు కొట్టమన్నాడు. పిడి మాత్రం వదులుగా ఉంచమన్నాడు.

"మరి నా మాటలు?" అన్నాడు బాబాయి.

"నీ మాటలెక్కడికి పోతాయి బాబాయ్? నువ్వు చెప్పాల్సిందంతా ఆ చప్పుడులో ఉంది."

"నాలుగు పేజీలండీ."

"అందుకే కాస్త గట్టిగా కొట్టు."

అలా కొడుతూ పోయాడు. మూడు, మూడు, ఒకటి. ఆ ఒకటీ నుదుటితోనే కొట్టాలి, చేత్తో కొడితే ఆ లోతు రావడం లేదన్నారు. నాలుగో ఏటికి నుదుటి మీద ఉసిరికాయంత కాయ కాసింది. ఏడు చప్పుళ్లే ఎందుకని ఒక ప్రొఫెసరు పుస్తకం రాశాడు. ఆరున్నర అని ఇంకో ప్రొఫెసరు ఖండించాడు.

దుకాణానికి వచ్చే వాళ్లలోనూ నాటకం చూసినవాళ్లు ఉండేవారు. ఒక హెడ్మాస్టరు కొత్త కళ్లజోడు పెట్టుకుని అక్షరాల బోర్డు చదువుతూ మధ్యలో ఆగి, "తలుపవతల ఉన్నది ఆమె అంతరాత్మ. మీరేమంటారు?" అన్నాడు.

"స్నేహితుడండీ," అన్నాడు బాబాయి.

"ఎవరికి?"

"వాళ్లాయనకి. నేనేనండీ అది. నాలుగు పేజీలు చెప్పాలి."

హెడ్మాస్టరు కళ్లజోడు తీసి ఆయన్ని జాలిగా చూశాడు. "అది మీ అభిప్రాయం," అన్నాడు.

అదే మాట ఎందరన్నారో. బావమరిది ఒకడుండేవాడు. నోటికి తాళం లేని మనిషి. వచ్చినప్పుడల్లా, "ఏం బావా, తీశారా?" అనేవాడు.

"లేదురా."

"ఇల్లు మారారేమో కనుక్కో బావా. ఇరవై ఏళ్లుగా అదే ఇల్లు కొడుతున్నావ్."

"నువ్వు ఊరుకోరా," అని భార్య తమ్ముణ్ని కసిరేది. నాటకం రోజు పొద్దున్నే కోటు ఇస్త్రీ చేసిపెట్టేది ఆవిడే. ఎందుకే, ఎవరు చూడొచ్చారు, అవతలే కదా నిలబడేది అని ఒకసారి ఆయనే అన్నాడు. "చాల్లెండి. పొరపాటున తెరుచుకుంటే? ముడతల కోటుతో వెళ్తారా పరాయివాళ్లింటికి?" అంది.

ఒకే ఒక్కసారి, ఒక్క ప్రదర్శనకు మేకులు తీయించమని రచయితను అడిగాడు. అప్పటికి రచయిత పేరు గడించి, శాలువాలకు బీరువా చాలక ఇంకో బీరువా కొనుక్కున్నాడు. బాబాయి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు.

"బాబాయ్, నీకు దండం పెడతాను. ఆ తలుపు మూసుకుని ఉన్నంతకాలమే నేను రచయితని. నువ్వు లోపలికొచ్చి పంపులూ గొడుగులూ అన్నావంటే మళ్లీ గుమాస్తానే."

తర్వాత కొన్నాళ్లకు రచయిత పోయాడు. తలుపవతల ఎవరున్నారో చెప్పే మనిషి ఇక ఒక్కడే మిగిలాడు. ఆ మనిషిని ఎవరూ నమ్మలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారు. ఇక్కడ దేవుడే పూజారితో కలిసిపోయాడు.

ఇలా ఉండగా నాటకాన్ని సినిమా తీస్తామని ఒకావిడ వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా లేవు. నాటకాన్ని పదకొండుసార్లు చూసిందట. సమాజం కార్యదర్శి ఉబ్బితబ్బిబ్బై, సినిమా వచ్చాక నాటకం ఎవరు చూస్తారు, షూటింగు కాగానే ఒక్క ప్రదర్శన వేసి ఆపేద్దాం అని తీర్మానం కూడా రాసేశాడు. ఇన్నాళ్లూ తెరుచుకోకపోయినా బాబాయికి వచ్చే శనివారమని ఒకటి ఉండేది. ఇప్పుడు అలాంటి శనివారం ఒక్కటే మిగిలింది.

డైరెక్టరమ్మ నేరుగా దుకాణానికే వచ్చింది. అద్దాల దుమ్ముతో తెల్లబడ్డ చేతులు తుడుచుకుని ఆయన కుర్చీ వేశాడు.

"సార్, సినిమాలో తలుపు తెరుస్తాను," అంది.

ఆయన తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

"కెమెరా ఉన్నాక తీయక తప్పదు. చెప్పండి, అవతల ఎవరున్నారు?"

"స్నేహితుడమ్మా."

"అది మీ అభిప్రాయం కదా?"

ఆయన లేచి, సొరుగు తీసి, ఆ నాలుగు పేజీలూ ఆమె చేతిలో పెట్టాడు. మడతల దగ్గర చిరిగి, జిగురు కాగితం అతికించిన పేజీలు. ఆమె శ్రద్ధగా చదివింది. చదువుతున్నంతసేపూ ఆయన ఆమె కనుబొమ్మలు చూస్తూ నిలబడ్డాడు. రెండో పేజీ దగ్గర ఒకసారి పైకి లేచాయి. మళ్లీ దిగాయి.

"పెద్దవాళ్లకు చూపిస్తాను," అంది.

పెద్దవాళ్లంటే ఆ ఇద్దరు ప్రొఫెసర్లు. ఏడు, ఆరున్నర. పన్నెండేళ్లుగా మాటల్లేని ఆ ఇద్దరూ దీని దగ్గర ఒక్కటయ్యారు. ఈ పేజీలు రచయితవి కావు, ఇంత పేలవంగా ఆయన రాయడు, ఎవరో ఆకతాయి సృష్టి అని సంతకాలు పెట్టి ఇచ్చారు.

ఆ కాగితం చదివి భార్య మండిపడింది. "పేలవమా? వాళ్లకేం తెలుసు? 'వెళ్లడానికి గొడుగు ఒక్కటే సరిపోదనిపించింది' అన్న దగ్గర నాకు ఇప్పటికీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి."

"నీకు తిరుగుతాయే. నీకు మొగుడు ఇంట్లోనే ఉన్నాడు."

"ఉంటే మాత్రం? ఆవిడ సంగతి ఆలోచించండి. పాపం ఇన్నేళ్లు పిడి పట్టుకుని."

ఆయన ఆ సంగతి అంతవరకూ ఆలోచించలేదు. తలుపు తనకు తీయలేదనే అనుకున్నాడు. ఆమెకు కబురు అందలేదని అనుకోలేదు.

వారం తర్వాత డైరెక్టరమ్మ మళ్లీ వచ్చింది. తలుపు తెరుస్తుంది, కానీ కెమెరా బయట ఉంటుంది. వచ్చిన మనిషి వీపు కనబడుతుంది. వీపు మీదుగా హీరోయిన్ మొహం కనబడుతుంది. అక్కడితో ఆఖరు. అందుకు ఒక వీపు కావాలి. పదిహేడు వీపులు చూసిందట, ఏదీ నప్పలేదు.

"కాస్త అటు తిరుగుతారా సార్?"

ఆయన గోడకేసి తిరిగాడు. గోడకున్న బోర్డు మీద అక్షరాలు పైనుంచి కిందికి చిన్నవవుతూ పోయాయి. ఆఖరి వరస దాకా చదివాడు.

"ఇదే," అంది ఆమె మెల్లగా. "ఈ వీపు ఏ వయసుదో తెలియడం లేదు. మంచికొచ్చిందో చెడుకొచ్చిందో తెలియడం లేదు. అసలు వచ్చిందో పోతోందో కూడా తెలియడం లేదు."

ఈ మాట ఇంట్లో చెబితే బావమరిది కుర్చీలోంచి పడేంత నవ్వాడు. "అక్కయ్యా, పెళ్లిచూపుల్లో నువ్వు వీపు చూసుకోలేదా?" అన్నాడు.

"ముప్పై ఏళ్లుగా చూస్తున్నాన్రా. నాకూ తెలియలేదు," అంది ఆవిడ.

కానీ బాబాయి వేరే మాట అడిగి వచ్చాడు. "అమ్మా, వీపుదేముంది, ఇస్తాను. తలుపు తీశాక నేను మాట్లాడొచ్చా?" అని. ఏం కావాలంటే అది మాట్లాడుకోండి సార్, శబ్దం తీసుకోం కదా అంది ఆమె. శబ్దం సంగతి ఆయనకు అక్కర్లేదు. తలుపు తీస్తారు, ఆమె ఎదురుగా ఉంటుంది, తను చెబుతాడు. చాలు.

షూటింగుకి ఒక పెద్ద షెడ్డులో ఆ ఇల్లు వేశారు. బాబాయి పొద్దున ఎనిమిదికే ఇస్త్రీ కోటుతో వెళ్లాడు. పాత వడ్రంగినే పిలిపించారు. మేకుల్లేని తలుపు చేసి పదిసార్లు తీసి మూసి చూపించి, "చూడు బాబాయ్, వేలు ఆనిస్తే చాలు," అన్నాడు. బాబాయి కూడా వేలు ఆనించి ఒకసారి తోసి చూశాడు.

పదకొండు గంటలకు కెమెరా తిరిగింది. మూడు కొట్టాడు. మూడు కొట్టాడు. నుదురు ఆనించాడు. ఆనించీ ఆనించకముందే తలుపు వెనక్కి జరిగింది. ఆయన పడబోయి నిలదొక్కుకున్నాడు. ఎదురుగా సినిమా హీరోయిన్, చేతిలో పిడితో. పిడి ఊడాక తలుపు ఎలా తెరుచుకుందని ఎవరూ అడగలేదు.

"అమ్మా, నన్ను మీరెరగరు," అని మొదలుపెట్టాడు. "నేను మీ ఆయన స్నేహితుణ్ని. చాలా దూరం నుంచి వస్తున్నాను. ముందుగా నన్ను కూర్చోమనకండి. కూర్చుంటే చెప్పలేను."

ఆమె చూస్తోంది. రెప్ప వేయకుండా చూస్తోంది. ఇలా వింటారని ఆయన కలలో కూడా అనుకోలేదు. అర పేజీ అయింది. గొడుగు కొట్టు దాకా వచ్చాడు.

"కట్! అద్భుతం. భోజనాలు," అని డైరెక్టరమ్మ గొంతు వినిపించింది.

"ఇంకా మూడున్నర పేజీలున్నాయమ్మా."

"వచ్చేసింది సార్. ఆ మొహంలో అన్నీ ఉన్నాయి, ఏదీ లేదు."

హీరోయిన్ మర్యాదస్తురాలు. రెండు చెవుల్లోంచీ దూది తీసి, "ఏమనుకోకండి, మీరేం చెప్పారో వినలేదు. మొహంలో అర్థం రాకూడదని దూది పెట్టించారు," అని నమస్కారం పెట్టి వెళ్లింది. అందరూ పళ్లేల దగ్గరికి పోయారు.

బాబాయి గది మధ్యలో ఉండిపోయాడు. కోరుకున్న గదే. లోపలే ఉన్నాడు. గోడ దగ్గర లైట్లు చూసుకునే మనిషి ఒకడు కూర్చుని మోచేతికీ బొటనవేలికీ తీగ చుట్టుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి. నాటకం చూసినవాడు కాదు.

"ఊఁ, తర్వాత?" అన్నాడు తలెత్తకుండా.

"ఏం తర్వాత?"

"గొడుగు పట్టుకుని కొట్టు దగ్గరికి వెళ్లాడన్నారుగా. తర్వాతేమైంది?"

బాబాయి చెప్పాడు. మూడున్నర పేజీలూ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. అతను తీగ చుట్టుకుంటూనే విన్నాడు. అయ్యాక తీగ చుట్ట పక్కన పెట్టాడు.

"అయితే బతికే ఉన్నాడన్నమాట."

"ఉన్నాడు."

"మరి పాపం ఆవిడకి ముందే చెప్పొచ్చుగదండీ. ఇంత నాన్చాలా?"

"తలుపు తియ్యలేదయ్యా."

"ఎన్నాళ్లు?"

"ఇరవై మూడేళ్లు."

లైట్ల మనిషి గదిని ఒకసారి చుట్టూ చూశాడు. "కిటికీ ఉందిగా," అన్నాడు.

బాబాయి చూశాడు. తలుపుకి నాలుగడుగుల అవతల కిటికీ ఉంది. రెక్కలు తీసే ఉన్నాయి. నాటకంలోనూ ఉంది ఆ కిటికీ. మొదటి అంకమంతా ఆమె అక్కడే నిలబడి బయటికి చూస్తూ ఉంటుంది. ఇన్నేళ్లూ ఆయన దాని పక్కనుంచే తలుపు దగ్గరికి నడిచాడు. స్నేహితుడు తలుపు కొడతాడని రాసి ఉంది కనుక తలుపే కొట్టాడు.

ఆ వచ్చే శనివారం ఆఖరి ప్రదర్శన. హాలు కిటకిటలాడింది. ప్రొఫెసర్లిద్దరూ ముందు వరసలో పక్కపక్కనే కూర్చున్నారు. భార్య, బావమరిది నాలుగో వరసలో. వడ్రంగి కొత్త మేకులు కొట్టి, స్టూలు మీద కూర్చుని పేపరు విప్పాడు. ఇరవై మూడేళ్లుగా ఇల్లాలి వేషం ఒక్కావిడే వేస్తోంది. ఆవిడకు ఇప్పుడు మనవలున్నారు. వేషంలో మాత్రం పదకొండేళ్లే గడిచాయి.

మూడు కొట్టాడు. లోపల పిడి కిర్రుమంది. మూడు కొట్టాడు. పిడి ఊడిన చప్పుడు వినబడింది. నుదురు తలుపు దాకా వెళ్లి ఆగింది.

అక్కణ్నుంచి కదిలాడు. వడ్రంగి పేపరు దించి చూశాడు. కిటికీ వెనక ఆకాశం రంగు వేసిన గుడ్డ వేలాడుతోంది. దాన్ని చేత్తో పక్కకు తప్పించి, కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. లైట్లు కళ్లలో కొట్టాయి. జనం కనబడలేదు, గది కనబడింది. తలుపుకేసి తిరిగి, పిడి పట్టుకుని ఆవిడ నిలబడి ఉంది.

నాలుగు పేజీల్లో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"అమ్మాయ్," అన్నాడు. "మీ ఆయన బాగున్నాడు."

ఆవిడ తల తిప్పింది. హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. మూసిన తలుపు వెనకనుంచి ప్రతిసారీ వచ్చే చప్పుడు ఈ ముసలాయనదని ఆవిడకు తెలుసు. ప్రదర్శనయ్యాక వెళ్లొస్తా బాబాయ్ అంటూనే ఉంటుంది. అయినా ఎన్నడూ ఎరగని మనిషిని చూసినట్టు చూసింది. రెండడుగులు వేసింది.

"భోంచేశాడా?" అంది.

ఈ ప్రశ్న రచయిత రాయలేదు. పేజీల్లో దీనికి జవాబు లేదు. పంపుల గురించి ఉంది, అద్దె గది గురించి ఉంది, సిగ్గు గురించి ఒకటిన్నర పేజీ ఉంది. తిండి గురించి ఒక్క మాట లేదు.

"తిన్నాడమ్మా," అన్నాడు బాబాయి. "నేను బయల్దేరేటప్పటికి తింటున్నాడు."

ఆవిడ పిడిని బల్ల మీద పెట్టింది. కుర్చీ ఒకటి లాగి కిటికీ దగ్గర వేసుకుని కూర్చుంది. కొంగుతో మెడ తుడుచుకుంది.

"ఇంకా చెప్పండి," అంది.

పక్కన తెర లాగేవాడు తాడు పట్టుకుని, ఏడో చప్పుడు కోసం చూస్తూనే ఉన్నాడు.